ముప్పై శాతం వాన

ఫిబ్రవరి 6

ఈ రోజు నుంచి నేను వాన తరఫు రాయబారిని.

అమ్మకి చెబితే కుట్టుమిషన్ ఆపకుండానే, "అంటే ఏం చేస్తావే?" అంది. చెప్పాను. వాన ఎప్పుడు వస్తుందో, గాలి ఎటు తిరుగుతుందో ముందుగా కనిపెట్టడం మీద పనిచేసే పరిశోధకులు ఎక్కడెక్కడివాళ్ళో కలిసి ఒక సమూహంగా ఏర్పడ్డారు. ఒకరు కనిపెట్టింది ఇంకొకరితో పంచుకుంటారు. ఒక్కో కాలేజీ నుంచి ఒక విద్యార్థిని రాయబారిగా తీసుకుంటారు. వాళ్ళ అంచనాలు జనానికి అర్థమయ్యేలా చెప్పాలి. జనం ఏమంటున్నారో తిరిగి వాళ్ళకి చేరవెయ్యాలి.

"జీతం?"

"లేదమ్మా. స్వచ్ఛందం."

అమ్మ దారం కొరికింది. "రాయబారం వెళ్ళినవాడి మాట విని యుద్ధం మానుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారటే?"

సాయంత్రం బావ ఫోన్ చేశాడు. అక్క అప్పటికే చెప్పేసినట్టుంది. "ఏం మరదలా, ఇక మబ్బులన్నీ నీ చెప్పుచేతల్లోనే అన్నమాట! మా బట్టీ మీదికి మాత్రం రానివ్వకు తల్లీ, నీకు పుణ్యముంటుంది." వాళ్ళ ఇటుకల బట్టీ బస్సు ఆఖరి స్టాపు దాటాక ఉంటుంది. నాన్న చనిపోయిన ఏడాది నేను చదువు ఆపేసి ఏదో ఒక కొట్లో చేరతానంటే, అడ్డంపడి ఈ కోర్సులో చేర్పించింది బావే. నేను పాసైన ప్రతిసారీ నాకంటే ఎక్కువ గప్పాలు కొట్టుకునేది కూడా బావే.

ఫిబ్రవరి 14

కాలేజీలో నా మొదటి సభ. వచ్చినవాళ్ళలో సగం మంది బిస్కెట్ల కోసం వచ్చారు. మిగతా సగం ఆ సగానికి తోడొచ్చారు. ముప్పై శాతం వాన అంటే ఏమిటో వివరించాను: ఇవాళ్టిలాంటి ఆకాశం పదిసార్లు వస్తే, మూడుసార్లు వాన పడుతుంది, ఏడుసార్లు పడదు. అందరూ తలలూపారు. వెనక నుంచి ఒకమ్మాయి, "ఇంతకీ గొడుగు తెచ్చుకోవాలా, వద్దా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

బాగా జరిగింది.

ఫిబ్రవరి 20

సమూహంవాళ్ళ టీషర్టు వచ్చింది. నాలాంటివాళ్ళు ఇద్దరు పడతారు. వీపు మీద మేఘం బొమ్మ నా నడుం దాటి వేలాడుతోంది. అమ్మ కుట్టి సరిచేస్తానంది. "ముందు ఆ మబ్బుని కత్తిరించాలి" అంది.

మార్చి 3

క్లాసుకి వెళుతుంటే బావ ఫోన్. ఆరబెట్టిన పచ్చి ఇటుకలు కళ్ళం నిండా ఉన్నాయట. ఇంకొన్నాళ్ళు ఎండితే బట్టీలోకి ఎక్కిస్తారు. కొత్తగా కడుతున్న బడి గదుల కోసం ఒప్పుకున్న ఇటుకలు.

"రేపు సాయంత్రం వానుందా?"

"ముప్పై శాతం బావా."

"అంటే?"

"ఇలాంటి రోజులు పది వస్తే, అందులో మూడు రోజులు పడుతుంది."

"అంటే లేనట్టేగా?"

"అలా కాదు, శాతం అంటే..." అంటుండగానే మా లెక్చరర్ నన్ను దాటి గదిలోకి వెళ్ళిపోయారు.

"సర్లే, క్లాసుకి పో. మళ్ళీ మాట్లాడదాం" అన్నాడు బావ.

మార్చి 4

వాన పడింది.

మార్చి 5

బట్టీకి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది.

పచ్చి ఇటుక వానకి విరగదు, కరుగుతుంది. అంచులు ముందు పోతాయి. తర్వాత నడుం వంగుతుంది. పై వరస కింద వరసలోకి దిగిపోతుంది. కళ్ళమంతా గోధుమరంగు ముద్ద. కోతవాళ్ళు, అంటే మట్టిని అచ్చులో పోసి ఇటుకలు కోసేవాళ్ళు, పారలతో ఆ ముద్దనే మళ్ళీ గుట్టపోస్తున్నారు. అక్క చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని వాళ్ళతోపాటే ఎత్తిపోస్తోంది. నన్ను చూసి, "వచ్చావా" అని మళ్ళీ వంగింది.

బావ దగ్గరికి వెళ్ళాను. "ముప్పై శాతం అన్నాను కదా బావా. అంచనా కరెక్టే" అన్నాను.

బావ నా వైపు చూశాడు. "అన్నావమ్మా" అన్నాడు. పార తీసుకుని అవతలి వైపుకి వెళ్ళిపోయాడు.

'మరదలా' అనలేదు, 'అమ్మా' అన్నాడు. నన్ను.

మార్చి 6

అంచనా తప్పు కాదు.

మార్చి 8

సమూహంవాళ్ళ దగ్గర పాత అంచనాలన్నీ ఉంటాయి. కూర్చుని చూశాను. ముప్పై శాతం అని చెప్పిన రోజుల్లో, ఇంచుమించు పదింటికి మూడు రోజులే వాన పడింది. అచ్చు గుద్దినట్టుంది. ఎవరు చూసినా శభాష్ అనాల్సిందే.

అమ్మ అన్నానికి పిలిచింది. ఆకలి లేదన్నాను.

తప్పు కాదు.

మార్చి 11

అమ్మ అక్కతో ఫోన్లో మాట్లాడుతుంటే వినపడింది. బడి కట్టే మేస్త్రీ ఆగలేనని ఇంకో బట్టీకి వెళ్ళిపోయాడట. కోతవాళ్ళలో ఒక జంట కూడా మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయింది. వాళ్ళకి కోసిన ఇటుకల లెక్కే కూలి. కరిగిన ఇటుకకి లెక్కేముంది? బావ ఎంతోకొంత సర్దుతానన్నా ఆగలేదట.

"అల్లుడు దాన్ని ఏమైనా అన్నాడా?" అని అడిగింది అమ్మ. అక్క ఏం చెప్పిందో వినపడలేదు. అమ్మ మాత్రం, "ఏమీ అనడం లేదంటే అదే మరి భయం" అంది.

మార్చి 12

ఈ పని మానేస్తున్నాను. మెయిల్ రాశాను. పంపలేదు, నెట్ సరిగ్గా రావడం లేదు.

మార్చి 13

నెట్ బాగానే ఉంది. రేపు పంపుతాను.

మార్చి 15

రాయబారులందరినీ చూసుకునే మేడం ఫోన్ చేశారు. మేఘాల మీద పరిశోధన చేస్తారు కాబట్టి అందరం ఆవిణ్ణి మబ్బు మేడం అంటాం. ఆవిడకీ తెలుసు. ఇరవై ఒకటిన సమూహం వార్షిక సమావేశమట. ప్రతి రాయబారీ అయిదేసి నిమిషాలు మాట్లాడాలట.

"మేడం, నేను మీతో ఒక విషయం చెప్పాలి" అన్నాను.

"అక్కడ చెబుదువుగాని. రైలెక్కుతున్నా" అని పెట్టేశారు.

సరే, ముఖాముఖి చెప్పడమే మర్యాద. మెయిల్ పంపకపోవడమే మంచిదైంది.

బట్టీ మీద ఇవాళ ఎనిమిది శాతం. ఊరికే చూశాను.

మార్చి 21

ఇంటికి వచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా రాస్తున్నాను.

పెద్ద హాలు. గోడల నిండా మబ్బుల బొమ్మలు. నాకు ముందు మాట్లాడిన రాయబారి తన సభలకి ఎంతమంది వచ్చారో, తన పోస్టుల్ని ఎంతమంది మెచ్చుకున్నారో చూపించాడు. చప్పట్లు కొట్టారు. నా దగ్గర కూడా అలాంటివే కొన్ని ఉన్నాయి. కానీ వేదిక ఎక్కాక అవి తెరవలేదు. ఫోన్లో ఉన్న కళ్ళం ఫోటో పెద్ద తెర మీద పెట్టాను. ఆ రోజు అది ఎందుకు తీశానో నాకే తెలియదు.

"ఇవి మా బావ ఇటుకలు" అన్నాను. "మీ అంచనా తప్పు కాదు. నేను లెక్క చూశాను. ఇటుకలు కరిగిపోయిన మాట కూడా నిజమే. మా బావ వానుందా అని అడిగితే ముప్పై శాతం అన్నాను. ఆయనకి అది లేదన్నట్టు వినపడింది. వాళ్ళకి చెప్పాల్సిన మాటేదో నా దగ్గర లేదు. అందుకే ఈ పని మానేస్తున్నాను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. దిగబోతుంటే, చివరి వరసలోంచి ఒక పెద్దాయన టీ కప్పుతో లేచారు. చెప్పిన అంచనాకీ తర్వాత జరిగిన దానికీ పొత్తు కుదిరిందో లేదో సరిచూడడం ఆయన పని. లెక్కల మాస్టారు అంటారు.

"ఆ ఇటుకలు కప్పుకోవచ్చా?"

"పట్టాలున్నాయండి. టార్పాలిన్లు."

"కప్పడానికి ఎంత పని?"

"తెలియదండి."

"కరిగితే మళ్ళీ చెయ్యడానికి?"

"తెలియదండి."

"మరైతే ముప్పై అంటే ఎక్కువో తక్కువో నువ్వెలా చెప్తావమ్మా?"

ఒళ్ళు మండిపోయింది. గాయం చూపిస్తుంటే దాని కొలతలు అడిగినట్టుంది. ఆయన అదేం పట్టించుకోకుండా ముందుకొచ్చి బోర్డు తుడిచి, సుద్దముక్క తీసుకున్నారు.

"చూడు. కప్పడానికి ఒక పూట పోతుంది, కరిగితే పది పూటలు పోతాయి అనుకుందాం. అప్పుడు వాన పదిశాతం దాటితే కప్పాల్సిందే, ముప్పై దాకా ఆగకూడదు. అదే కప్పడానికే అయిదు పూటలు పోయేటట్టయితే, నలభై శాతమున్నా వదిలెయ్యడమే మేలు. ఆకాశం ఒకటే. కప్పేవాణ్ణి బట్టి అంకె మారుతుంది. ఇది మాకు ఎప్పట్నుంచో తెలుసు, పుస్తకాల్లో ఉంది. వెళ్ళి అడిగినవాళ్ళే తక్కువ."

హాలంతా ఒక్కసారి మాట్లాడడం మొదలుపెట్టింది. ఎవరో తన చెల్లెలు బట్టలకి రంగులు అద్ది ఆరబెడుతుందన్నారు. ఇంకెవరో వాళ్ళ మామయ్య కాంక్రీటు పోయిస్తాడన్నారు. నా అయిదు నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి.

బయట వరండాలో మబ్బు మేడం పట్టుకున్నారు. "మానేస్తానన్నావు. ఇప్పుడే మానేస్తావా, మీ బావకి ఏ అంకె కావాలో తెలుసుకున్నాక మానేస్తావా?"

"తెలుసుకున్నాక."

"మంచిది. అయితే వచ్చే నెల మానెయ్."

మార్చి 22

"మానేశావా?" అంది అమ్మ.

"వచ్చే నెల."

అమ్మ నవ్వలేదు గానీ, మిషన్ చప్పుడు నవ్వినట్టే ఉంది.

మార్చి 24

చేతులు మండుతున్నాయి. అక్షరాలు వంకరగా వస్తున్నాయి.

బట్టీ దగ్గర బావ తడికల గదిలో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. నన్ను చూసి తలూపాడు, అంతే. అక్క పక్కకి లాగి, "ఆయన ఏమీ అనడు. నాతోనూ అనడు. తిట్టినా బాగుండు" అంది.

కోతవాళ్ళకి పెద్ద, మేస్త్రమ్మ, మోచేతుల దాకా మట్టితో అచ్చు కడుగుతోంది. కప్పడానికి ఎంతసేపు పడుతుందని అడిగాను.

"అడిగితే ఏం తెలుస్తుంది? ఇవాళ కొన్ని వరసలు ఎలాగూ కప్పాలి. చెయ్యి వెయ్యి" అంది.

వేశాను. పట్టా బరువు మోస్తేనే తెలుస్తుంది. గాలి దాన్ని తెరచాపలా లేపుతుంది. ఇటుకలకి తగిలితే అంచులు రాలతాయి కాబట్టి ఎత్తి పట్టుకునే నడవాలి. ప్రతి చివరా రాళ్ళు పెట్టాలి. మూడో వరసకే అరచేతులు ఎర్రబడ్డాయి. నాలుగో వరసలో నా పట్టు జారి పట్టా పోబోతే, ఎవరో అవతలి కొసని గట్టిగా పట్టుకున్నారు. బావ.

"అంచు రెండు మడతలు వేసి పట్టుకో. చేతులు కోసుకుపోతాయి" అన్నాడు.

అంతే. ఇద్దరం అలా ఆ వరసలన్నీ కప్పాం. అయ్యాక నీళ్ళ తొట్టి పక్కన కూర్చున్నాం. అక్క మజ్జిగ తెచ్చి ఇచ్చి, పని ఉన్నట్టు వెళ్ళిపోయింది. ఏ పనీ లేదు.

"నాతో ఎందుకు మాట్లాడడం లేదు బావా? నేను ముప్పై అనే కదా చెప్పాను?"

"చెప్పావు. లేనట్టేగా అన్నాను. అలా కాదు అన్నావు కూడా. నేనే వినిపించుకోలేదు. కప్పితే ఆ పూట ఎండ పోతుంది, కోత ఆగుతుంది. లేనట్టే అని ఎవరైనా అంటే బాగుండనిపించింది. నేనే అనేసుకున్నా."

"మరి?"

"ఆ రోజు వచ్చి, మట్టిలో నిలబడి, అంచనా కరెక్టే అన్నావు చూడు. నాకు నీ మీద కోపం వచ్చింది అప్పుడే. వాన మీద కూడా అంత రాలేదు."

నేను ఇన్నాళ్ళూ ఈ డైరీలో ఏం రాసుకున్నానో గుర్తొచ్చింది. తప్పు కాదు, తప్పు కాదు, తప్పు కాదు.

"ఏమనాల్సింది?" అన్నాను.

"ఏమీ అనక్కర్లేదే పిచ్చిదానా. పార పట్టుకోవాల్సింది."

ఏడ్చాను. బావ అటు తిరిగి మజ్జిగ తాగాడు.

తర్వాత లెక్క వేశాం. కప్పడం ఒక పూటే అయినా పట్టా కింద ఇటుక ఎండదు, చెమట పడుతుంది. దాంతో ఇంకో పూట పోయినట్టే. కరిగితే మట్టి తీసి, తొక్కి, కోసి, మళ్ళీ ఎండబెట్టేసరికి పది పూటలు. అంటే పదికి రెండు.

"ఇరవై దాటితే కప్పాలి బావా."

"ఇంత చిన్న ముక్క చెప్పడానికి ఇన్నేళ్ళు చదివించానా నిన్ను?" అన్నాడు. లేచి దులుపుకుంటూ, "నీ పట్టా చేతికొచ్చేలోపు నా పట్టాలు చిరిగిపోయేలా ఉన్నాయి" అన్నాడు. మేస్త్రమ్మ అక్కడ్నుంచే కిసుక్కుమంది.

మార్చి 25

లెక్కల మాస్టారికి అంతా రాసి పంపాను. జవాబు వెంటనే వచ్చింది: "బాగుంది. ఇప్పుడు పక్క బట్టీవాళ్ళని అడుగు."

మెచ్చుకోవడం కూడా ఈయనకి పని చెప్పడమే.

మార్చి 29

ఆ దారిలో ఉన్న బట్టీలన్నీ తిరిగాను. ఒక ముసలాయనకి మనుషులు తక్కువ, కప్పాలంటే తలకు మించిన పని. ఆయన అంకె నలభై దగ్గర తేలింది. రేకుల షెడ్డు వేసుకున్న ఒకావిడ, "నాకెందుకమ్మా వాన గొడవ?" అని మంచినీళ్ళిచ్చి పంపించింది. ఎవరి అంకె వాళ్ళ గోడ మీద సుద్దతో రాసి వచ్చాను. రోజూ పొద్దున్నే ఆ రోజు శాతం పంపుతాను. గోడ మీది అంకె దాటితే కప్పాలి, దాటకపోతే ఎండనివ్వాలి.

బావ బట్టీకి ఆనుకుని ఉన్న బట్టీ ఆయన మాత్రం గేటు దగ్గరే అరిచాడు. ఆ గొంతుకి దారిలో అందరూ ఆయన్ని ఉరుముల మావయ్య అంటారు. "మొన్న మీ బావ కొంప ముంచింది చాలదా? ఇప్పుడు మా మీద పడ్డావా?"

గోడ అవతల నుంచి బావ కేక వేశాడు. "నా కొంప నేనే ముంచుకున్నా మావా! దాని తప్పేం లేదు. నీ పట్టాలెన్నో, నీ మనుషులెంతమందో చెప్పు ముందు."

ఆయన చెప్పాడు. విసుక్కుంటూ చెప్పాడు గానీ, ఒక్కటీ వదలకుండా చెప్పాడు. ఆయన అంకె పాతిక తేలింది.

ఏప్రిల్ 2

పద్దెనిమిది. ఎవరూ కప్పలేదు. నేను రోజంతా కిటికీ దగ్గరే ఉన్నాను. జ్వరం వచ్చిందేమోనని అమ్మ రెండుసార్లు చెయ్యి పెట్టి చూసింది.

పడలేదు.

ఏప్రిల్ 5

వెళ్ళిపోయిన కోత జంట తిరిగి వచ్చారట. వెళ్ళిన చోట షెడ్డు లేదు, పట్టాలూ లేవట. గోడ మీద అంకె ఏమిటని మేస్త్రమ్మని అడిగారట. "అది దాటితే ఆ అమ్మాయి కూడా వచ్చి కప్పుతుంది" అని చెప్పిందట మేస్త్రమ్మ.

ఎప్పుడు ఒప్పుకున్నాను నేను?

ఏప్రిల్ 8

మబ్బు మేడం మెసేజ్: "వచ్చే నెల వచ్చేసిందే. మానేస్తున్నావా?"

తర్వాత జవాబిస్తాను. అంకెలు పంపే వేళయింది.

ఏప్రిల్ 10

నలభై అయిదు. నేను పంపడం మొదలుపెట్టాక ఇంత పెద్ద అంకె రాలేదు.

కాలేజీ ఎగ్గొట్టి బట్టీకి వెళ్ళాను. మధ్యాహ్నానికల్లా ఆ దారి పొడవునా నీలం పట్టాలు పరుచుకున్నాయి. ఉరుముల మావయ్య బట్టీలో కూడా. కోత ఆపేసి అందరం తడికల గది చూరు కింద నిలబడ్డాం. పడమర నల్లబడింది. గాలి లేచింది, దుమ్ము కళ్ళలో పడింది, ఉరిమింది. కోత జంటలోని ఆవిడ పాపని చంకలో దాచుకుంది. రావాలని కోరుకున్నాను. ఇటుకలు ఆరబెట్టుకున్నవాళ్ళ మధ్య నిలబడి, వాన రావాలని కోరుకున్నాను.

మబ్బు మా నెత్తి మీదుగా వెళ్ళిపోయింది. చినుకు కూడా రాలలేదు. కాసేపటికి ఎండ వచ్చింది, ఏమీ ఎరగనట్టు.

అందరూ ఆకాశం వైపు చూసి, తర్వాత నా వైపు చూశారు. నలభై అయిదు అంటే వంద కాదు, ఇలాంటి రోజులు పది వస్తే... మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. బావ దగ్గరికి వెళ్ళి, "ఒక పూట ఎండ పోగొట్టాను బావా" అన్నాను.

"పోతే పోయింది. కింద ఇటుకలున్నాయిగా" అన్నాడు.

అప్పుడు గేటులోంచి ఉరుముల మావయ్య వచ్చాడు. లుంగీ ఎగగట్టుకుని, చరచరా నడుచుకుంటూ, తిన్నగా నా దగ్గరికే. అయిపోయింది అనుకున్నాను. బావ ఒక అడుగు ముందుకి వేశాడు.

"రాలేదు" అన్నాడాయన.

"రాలేదండి."

"పట్టాలన్నీ కప్పాం. నడుములు పడిపోయాయి."

"అవునండి."

ఆయన ఆకాశం వైపు చూశాడు. మెడ గోక్కున్నాడు. మా కళ్ళం మీది పట్టాలు ఒకసారి కలయజూశాడు.

"సరే. రేపెంత?"

ఫోన్ తీసి చూశాను. "ఏడండి. రేపు ఏడు."

"ఏడే?"

"ఏడే."

ఆయన గోడ వైపు తిరిగి, దారి మొత్తానికీ వినపడేలా అరిచాడు. "ఒరేయ్, పట్టాలు లాగెయ్యండ్రా! ఈ కాస్త ఎండైనా తగలనివ్వండి! రేపు పొద్దున్నే కోత!"

మా దగ్గర కూడా అందరూ కదిలారు. నేను అంచు రెండు మడతలు వేసి ఒక చివర పట్టుకున్నాను, మేస్త్రమ్మ ఇంకో చివర. పట్టాలన్నీ లాగి మడతపెట్టేసరికి పొద్దు వాలింది. ఇటుకల మీద ఎండ ఇంకా ఉంది.